డాలస్ దగ్గర గట్టు మీద నుంచి బాస్ చేపను పట్టడానికి మొదటి రాడ్డు ఏది కొనాలి?

కొత్తగాలం:

అందరికీ నమస్కారం. నేను ప్లేనోలో ఉంటాను. మార్చిలో మా నాన్నగారు ఉయ్యూరు నుంచి వస్తున్నారు, మూడు నెలలు ఇక్కడే. ఊళ్లో ఆయనకు సాయంత్రమైతే కాలవ గట్టే లోకం. కప్పపిల్లను గాలానికి గుచ్చి, తూటాకు పక్కన నీళ్ల మీద టపటపలాడిస్తూ కొర్రమీనును పైకి రప్పిస్తారు. ఇక్కడ ఇంట్లో కూర్చోబెడితే వారం తిరక్కుండానే విసిగిపోతారు. ఆయన వచ్చేలోపు నేను బాస్ పట్టడం కాస్త నేర్చుకుని, ఇద్దరికీ సామాను సిద్ధం చేసి ఉంచాలని నా ఆశ.

దుకాణానికి వెళ్తే గోడ నిండా లూర్లే (బొమ్మ ఎరలు). బెయిట్‌కాస్టర్ (రాడ్డు పైన కూర్చునే రీలు) లేకపోతే బాస్ దండగ అని ఒకాయన, స్పిన్నింగ్ (రాడ్డు కింద వేలాడే రీలు) చాలని ఇంకొకాయన. వీడియోలు చూస్తే ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. నాకు పడవ లేదు. వెళ్లగలిగేది లావన్ చెరువు, రే రాబర్ట్స్, ఇంటి దగ్గర పార్కుల్లోని చిన్న చెరువులు. ఒక్కో రాడ్డు, రీలు సెట్టుకు 100 డాలర్ల దాకా పెట్టగలను. ఏ రాడ్డు, ఏ లైను, ఏ ఎరలు? నాన్నగారికి లైసెన్స్ కావాలా? పట్టిన చేపను ఇంటికి తెచ్చుకోవచ్చా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. పెద్ద సమాధానమైనా ఓపికగా చదువుతాను.

---

తుంగ_అంచు:

నాన్నగారి కోసం ముందే నేర్చుకోవాలనుకోవడం చాలా బాగుందండి. నేను డెంటన్‌లో ఉంటాను. నేనూ గట్టు మీద నుంచే పడతాను, ఎక్కువగా రే రాబర్ట్స్‌లో. పడవ లేదని దిగులు పడకండి. ఆయన వస్తున్న మార్చి, ఏప్రిల్ నెలల్లో గట్టు మీద నిలబడ్డవాడికి ఉన్న అవకాశం సంవత్సరంలో ఇంకెప్పుడూ ఉండదు. ఎందుకో కింద చెప్తాను.

రాడ్డు: 7 అడుగుల స్పిన్నింగ్ రాడ్డు, మీడియం పవర్, ఫాస్ట్ యాక్షన్. ఈ రకం కొన దగ్గర మాత్రమే వంగుతుంది, మధ్యభాగం గట్టిగా నిలుస్తుంది. అందుకే చేప ఎరను ముట్టుకున్న సంగతి చేతికి తెలుస్తుంది, హుక్కు దింపడానికి బలమూ సరిపోతుంది. రీలు 2500 సైజు. మీ 100 డాలర్లలో మంచి సెట్టే వస్తుంది, ఇద్దరికీ ఒకే రకం కొనండి. రీలులో ఎన్ని బేరింగులున్నాయని చూడకండి, డ్రాగ్ (చేప లాగినప్పుడు లైనును బిగువుగా వదిలే బ్రేకు) నున్నగా జారుతుందో లేదో చూడండి. దుకాణంలోనే డ్రాగ్ కొద్దిగా బిగించి, స్పూలును (లైను చుట్టుకునే చక్రాన్ని) చేత్తో తిప్పండి. ఆగి ఆగి తిరిగితే ఆ రీలు వద్దు.

రాడ్డులో ఆదా చేసినా ఫరవాలేదు కానీ లైను దగ్గర మాత్రం చేయకండి. స్పూలు మీద 10 పౌండ్ల బలమున్న బ్రెయిడ్ (అల్లిన దారం), దాని చివర లీడర్‌గా ఆరేడు అడుగుల 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ (పారదర్శకమైన ప్లాస్టిక్ లైను) ముక్క. బ్రెయిడ్ సాగదు కాబట్టి అవతల జరిగేదంతా వేలికి తెలుస్తుంది, సన్నగా ఉంటుంది కాబట్టి దూరం వెళ్తుంది. అయితే నీళ్లలో చేపకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, రాళ్లకు ఒరుసుకుంటే తట్టుకోలేదు. ఫ్లోరోకార్బన్ అంతగా కనిపించదు, ఒరిపిడికి ఆగుతుంది. రెండూ కలపడానికి డబుల్ యూని ముడి, హుక్కుకు పాలోమార్ ముడి. ఈ రెండూ ఇంట్లో టీవీ ముందు కూర్చుని కళ్లు మూసుకుని వేయగలిగే దాకా సాధన చేయండి. బిగించే ముందు ముడిని ఉమ్మితో తడపాలి. పొడిగా లాగితే ఆ రాపిడి వేడికే ఫ్లోరోకార్బన్ బలం పోతుంది. బ్రెయిడ్ చుట్టే ముందు స్పూలు మీద నాలుగు చుట్లు మామూలు నైలాన్ లైను చుట్టండి, లేకపోతే చేప లాగినప్పుడు చుట్ట మొత్తం స్పూలు మీద జారుతుంది. ఇంకో మాట: విసిరాక బెయిల్‌ను (స్పూలు మీద వంగి ఉండే తీగను) రీలు తిప్పి కాదు, చేత్తో మూయండి. లైనులో పడే చిక్కుల్లో సగం అక్కడే ఆగిపోతాయి.

ఇక ఎరలు. గోడ నిండా ఉన్నవాటిలో మీకు కావాల్సినవి రెండు, మహా అయితే మూడు.

మొదటిది 5 అంగుళాల మెత్తటి ప్లాస్టిక్ పురుగు. గ్యారీ యమమోటో సెంకో అంటే అందరికీ తెలుసు, ఆ పోలికలో చాలా కంపెనీలవి దొరుకుతాయి. ఇందులో ఉప్పు కలుపుతారు కాబట్టి సీసం కట్టకపోయినా విసరడానికి బరువు సరిపోతుంది. దాని నడుముకు చిన్న రబ్బరు రింగు తొడిగి, ఆ రింగుకు 1/0 హుక్కు గుచ్చండి. దీన్ని వాకీ రిగ్ అంటారు. నీళ్లలో పడ్డాక రెండు కొసలూ వణుకుతూ మెల్లగా దిగుతుంది. మీరు చేయాల్సిందల్లా దాన్ని దిగనివ్వడమే. కొత్తవాళ్లు ఇక్కడే తొందరపడి రీలు తిప్పేస్తారు. తిప్పకండి. లైను కొంచెం వదులుగా ఉంచి, అది నీళ్లను తాకే చోటు మీద చూపు నిలపండి. బాస్ తినేటప్పుడు ఎరను లాక్కుపోవాలని లేదు, నోరు తెరిచి నీళ్లతో సహా లోపలికి పీల్చుకుంటుంది. పైన మీకు కనిపించేది చాలా చిన్న సంగతి. దిగుతున్న లైను ఒక్కసారి చిటుక్కుమంటుంది, లేదా పక్కకు జరగడం మొదలుపెడుతుంది, లేదా అడుగు తగలాల్సిన సమయానికి ముందే దిగడం ఆగిపోతుంది. మూడింటిలో ఏది జరిగినా వదులు చుట్టేసి రాడ్డును పక్కకు నిదానంగా, బలంగా లాగండి. వాకీకి గట్టిగా ఝాడించాల్సిన పని లేదు.

రెండోది టెక్సాస్ రిగ్, అదే పురుగుతో. 3/0 ఆఫ్‌సెట్ హుక్కు (మెడ దగ్గర మెట్టులా వంగినది), ముందు 3/16 ఔన్సు బుల్లెట్ ఆకారపు బరువు. ఈ రిగ్గు గొప్పతనం ఏమిటంటే హుక్కు మొన పురుగు ఒంట్లోనే దాగి ఉంటుంది, నాచులో, మొద్దుల మధ్యలో పట్టుకోదు. పురుగు తలలో పావు అంగుళం గుచ్చి బయటికి తీసి, హుక్కు కన్ను దాకా జరిపి, హుక్కును తిప్పి, మొనను మళ్లీ ఒంట్లోకి దింపాలి. గుచ్చాక పురుగు దారం లాగా తిన్నగా వేలాడాలి. ఎక్కడైనా ముడత పడితే తీసి మళ్లీ గుచ్చండి. వంకరగా ఉన్న పురుగు నీళ్లలో గిరగిరా తిరిగి లైను మెలి పెడుతుంది, చేప కూడా దగ్గరికి రాదు. దీన్ని అడుగుకు తగలనిచ్చి, రాడ్డు కొన ఎత్తి, మళ్లీ దిగనివ్వండి. దీనికి మాత్రం హుక్కు గట్టిగా దింపాలి, ప్లాస్టిక్‌ను చీల్చుకుని వెళ్లాలి కదా.

మూడోది గాలి వీచే రోజుకు, నీళ్లు బురదగా ఉన్న రోజుకు: 3/8 ఔన్సు స్పిన్నర్‌బెయిట్ (గిర్రున తిరిగే రేకు రెక్క ఉన్న ఎర), తెలుపు, పసుపుపచ్చ కలిసినది. రెక్క తిరిగే అదురు బురదలో కూడా చేపకు తెలుస్తుంది. విసిరి ఒకే వేగంతో చుట్టడమే.

రంగుల గురించి బుర్ర పాడుచేసుకోవద్దు. నీళ్లు తేటగా ఉంటే గ్రీన్ పంప్‌కిన్ (గోధుమ కలిసిన ఆకుపచ్చ), లావన్‌లా మబ్బుగా ఉంటే నలుపు, నీలం కలిసినది.

ఇప్పుడు మార్చి సంగతి. నీళ్ల వేడి 60 ఫారన్‌హీట్ దాటుతుంటే లార్జ్‌మౌత్ బాస్ గుడ్లు పెట్టడానికి గట్టు దగ్గరికి, రెండు నుంచి ఐదడుగుల లోతుకు వస్తుంది. చలికాలంలో, మండే ఎండాకాలంలో పడవకు మాత్రమే అందే చేప ఆ కొన్ని వారాలు మీ కాళ్ల ముందు తిరుగుతుంది. అందుకే చెరువు మధ్యలోకి విసరకండి. గట్టు మీద వరసగా నిలబడి ఎవరికి వారు ఎంత దూరం విసిరామా అని చూసుకుంటుంటారు, చేప ఏమో వాళ్ల కుడిపక్క ఇరవై అడుగుల్లో ఉంటుంది. గట్టుకు సమాంతరంగా, తుంగ అంచు వెంబడి విసరండి. నీటి అంచుకు రెండడుగులు వెనకే నిలబడండి, మీ నీడ నీళ్ల మీద పడనివ్వకండి. మార్చి మొదట్లో అయితే ఉత్తరపు చలిగాలి తగలని, ఎండ బాగా పడే చిన్న పాయల్లో చూడండి. అక్కడ నీళ్లు ముందు వేడెక్కుతాయి, మధ్యాహ్నం పూట మరీ బాగుంటుంది. కోల్డ్ ఫ్రంట్ (చలిగాలుల తెర) వచ్చి వెళ్లిన మర్నాడు చేప మందకొడిగా ఉంటుంది. ఆ రోజు ఎర ఇంకా చిన్నది, ఇంకా నిదానం.

---

ఫోర్క్_మొద్దులు:

తుంగ_అంచు గారు చెప్పినవాటిలో ఒక్క విషయం దగ్గర నేను ఒప్పుకోను. బెయిట్‌కాస్టర్‌ను వాయిదా వేయకండి. నేను లేక్ ఫోర్క్‌లో పడతాను. అక్కడ ఆనకట్ట కట్టినప్పుడు చెట్లను చాలాచోట్ల అలాగే వదిలేశారు, నీళ్లలో అడవి నిలబడి ఉన్నట్టే. 8 పౌండ్ల లీడర్‌తో మంచి చేప తగిలితే అది మొద్దు చుట్టూ ఒక చుట్టు తిరిగిందంటే అంతే సంగతులు. టెక్సాస్ రాష్ట్ర రికార్డు 18.18 పౌండ్ల బాస్ 1992 జనవరిలో ఈ చెరువులోనే పడింది. అలాంటి చోట 7 అడుగుల మీడియం హెవీ రాడ్డు, 15 పౌండ్ల ఫ్లోరోకార్బన్ ఉంటేనే చేపను మలుపు తిప్పగలం.

నేర్చుకోవడం జనం భయపెట్టేంత కష్టం కాదు. ఎర కట్టాక రాడ్డు ముందుకు చాపి బొత్తాం నొక్కండి. ఎర మెల్లగా కిందికి జారాలి, నేలను తాకగానే స్పూలు ఆగిపోవాలి. అలా జరిగే దాకా పక్కనున్న టెన్షన్ నాబ్ బిగించండి. బ్రేకు మొదట ఎక్కువలో పెట్టి, చేయి కుదిరేకొద్దీ తగ్గించుకుంటూ రండి. ఎర నీళ్లను తాకే క్షణంలో బొటనవేలు స్పూలు మీద ఆనించాలి, అసలు కిటుకు అదే. గాలికి ఎదురుగా మాత్రం విసరకండి, మొదట్లో. ఇంటి వెనక గడ్డిలో అర ఔన్సు ప్రాక్టీసు బరువుతో సాయంత్రం పూట కాసేపు విసిరితే నెలలో చేయి కుదురుతుంది.

ఫోర్క్‌కు వస్తే ఒకటి గుర్తుంచుకోండి. 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్‌ను ఉంచుకోకూడదు, వెంటనే వదలాలి. 24 అంగుళాలు, ఆపైన ఉన్నది రోజుకు ఒక్కటే.

---

లిటిల్_ఎల్మ్_అమ్మ:

లైసెన్స్ సంగతి నేను చెప్తాను, పిల్లలతో వెళ్తుంటాను కాబట్టి ఇవన్నీ చూసుకోక తప్పదు. టెక్సాస్‌లో చేపలు పట్టాలంటే 17 ఏళ్లు నిండిన ఎవరికైనా లైసెన్స్ కావాలి, బయటి నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకు కూడా. నాన్నగారు ఇక్కడ నివాసి కారు కాబట్టి ఆయనది నాన్‌రెసిడెంట్ లైసెన్స్ అవుతుంది, ధర ఎక్కువ, ఒక్కరోజువి కూడా ఉంటాయి. అయితే టెక్సాస్ స్టేట్ పార్కు లోపల గట్టు మీద నుంచి గానీ చెక్క వంతెన మీద నుంచి గానీ పడితే లైసెన్స్ అక్కర్లేదు. పార్కు ప్రవేశ రుసుము కడితే చాలు. రే రాబర్ట్స్‌లో ఐల్ డు బోయిస్ వైపు పార్కు అలాంటిదే. నీడ, బల్లలు, బాత్‌రూములు ఉన్నాయి, పెద్దవాళ్లతో వెళ్లడానికి అనుకూలం. చేపల సైజు, సంఖ్య నిబంధనలు మాత్రం పార్కులోనూ వర్తిస్తాయి. ఈ నిబంధనలు పెట్టే రాష్ట్ర శాఖ టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల సైట్‌లో ఏ చెరువుకు ఆ చెరువు నిబంధన ఉంటుంది, బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి. మామూలుగా లార్జ్‌మౌత్ 14 అంగుళాలు ఉండాలి, రోజుకు 5.

వండుకోవడం గురించి అడిగారు. చట్టం ఒప్పుకుంటుంది, కానీ మార్చిలో గట్టు దగ్గర దొరికే మగ బాస్ గూడు కాపలాలో ఉంటుంది. దాన్ని తీసేస్తే చుట్టూ తిరిగే సన్‌ఫిష్ అనే చిన్న చేపలు ఆ గుడ్లు తినేస్తాయి. మా ఇంట్లో పులుసుకు సాండ్ బాస్, అంటే వైట్ బాస్ తెస్తాం. అది కూడా ఆ నెలల్లోనే చెరువుల నుంచి వాగుల్లోకి ఎదురెక్కుతుంది, 10 అంగుళాలు దాటినవి రోజుకు 25 దాకా ఉంచుకోవచ్చు. పక్కన ముదురు ఎరుపు రంగు కండ ఉంటుంది, దాన్ని కోసి తీసేయండి, నీచు వాసన పోతుంది. క్యాట్‌ఫిష్ కావాలంటే లావన్ ఉండనే ఉంది.

రే రాబర్ట్స్‌లో రాళ్ల మీద జీబ్రా ఆల్చిప్పలు ఉంటాయి, బ్లేడు లాగా పదును. పిల్లలకైనా పెద్దలకైనా చెప్పులు విప్పి నీళ్లలో దిగనివ్వకండి. ఆ రాళ్ల దగ్గర పడేటప్పుడు ప్రతి పది నిమిషాలకోసారి లీడర్ చివరి రెండడుగులు వేళ్ల మధ్య జార్చి చూడండి. గరుకు తగిలితే కోసి మళ్లీ ముడి వేయండి. అందరికీ కళ్లద్దాలు తప్పనిసరి. ఇరుక్కున్న బరువు గట్టిగా లాగితే ఒక్కసారిగా ఊడి ముఖం మీదికే వస్తుంది.

---

కొత్తగాలం:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. స్పిన్నింగ్ సెట్లు రెండు ఈ వారమే కొంటాను, పార్కు కూడా ఖాయం. ఫోర్క్_మొద్దులు గారూ, బెయిట్‌కాస్టర్ ఎండాకాలానికి తప్పకుండా చూస్తాను. తుంగ_అంచు గారూ, ఇంకొక్క సందేహం. నాన్నగారితో ఫోన్లో ఇదంతా చెప్తే ఆయన అడిగిన మొదటి మాట "అక్కడ కప్ప పనిచేస్తుందా?" అని. దుకాణంలో రబ్బరు కప్పలు చూశాను. తీసుకోవచ్చా?

---

తుంగ_అంచు:

తప్పకుండా తీసుకోండి, కాకపోతే మే నెలకు అట్టిపెట్టండి. మార్చిలో నీళ్లు చల్లగా ఉన్నంతవరకు బాస్ పైకి వచ్చి తినడం తక్కువ. మేలో నాచు, తామరాకులు పైకి పరుచుకున్నాక, తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ కప్పను మించింది లేదు. అప్పటికి నాన్నగారు ఇంకా ఇక్కడే ఉంటారు కదా.

ఆయన చేయి ఇక్కడ చాలావరకు పనికొస్తుంది. కొర్రమీనూ బాసూ రెండూ కలుపు మాటున పొంచి ఉండి మీద పడే చేపలే. ఎరను ఆకుల మీద నుంచి లాక్కొచ్చి, ఖాళీ కనబడగానే అక్కడే ఆపి ఆడించడం ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. తేడా ఒకటుంది, ముందే చెప్పండి. కొర్రమీను గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుంది, ఆ బుడగ చూసి చేప ఎక్కడుందో పసిగడతారు. బాస్ అలా పైకి రాదు. కాబట్టి బుడగ కోసం ఎదురుచూడకుండా నీడ ఉన్న చోటు వెతకాలి: వంతెన కింద, వాలిన చెట్టు కొమ్మ కింద, తుంగలో చీలిక ఉన్న చోట.

రబ్బరు కప్ప లోపల బోలుగా ఉంటుంది, రెండు హుక్కులు దాని వీపుకు ఆనుకుని ఉంటాయి. చేప నోట్లో కప్ప నలిగితేనే అవి బయటపడతాయి. అందుకే నీళ్లు భళ్లున చిమ్మగానే లాగితే కప్ప ఖాళీగా వెనక్కి ఎగిరి వస్తుంది. ఒక్క క్షణం ఆగి, లైను బరువెక్కిందని చేతికి తెలిశాకే లాగాలి. సామాను విషయంలో ఇక్కడ మాత్రం ఫోర్క్_మొద్దులు గారి మాటే నా మాట. ఆకుల మధ్య నుంచి చేపను బయటికి లాగాలంటే 50 పౌండ్ల బ్రెయిడ్, హెవీ రాడ్డు కావాలి, లీడర్ అక్కర్లేదు. మీరు కొంటున్న స్పిన్నింగ్ సెట్టుతో ఆ పని చేయొద్దు. లైను తెగి కప్ప నోట్లో ఉండిపోతే ఆ చేప బతకడం కష్టం. ఎండాకాలానికి బెయిట్‌కాస్టర్ అన్నారు కదా, దాన్ని మే నెలకే కొని నాన్నగారి చేతికివ్వండి.

ఫొటో తీసుకునేటప్పుడు చేతులు తడుపుకుని పట్టుకోండి, పొడి చెయ్యి తగిలితే దాని ఒంటి మీది జిగురు పొర పోతుంది. చిన్నదైతే కింది పెదవి పట్టుకుని నిలువుగా ఎత్తవచ్చు. నాలుగైదు పౌండ్లు దాటితే రెండో చెయ్యి పొట్ట కింద పెట్టాలి, దవడ మీద బరువంతా వేసి అడ్డంగా పట్టుకుంటే దవడ దెబ్బతింటుంది. కొక్కెం తీయడానికి పొడుగు ముక్కు ప్లయర్స్ ఒకటి ముందే జేబులో ఉంచుకోండి. దుకాణంలో 3/0 హుక్కులు అడిగేటప్పుడు ఈడబ్ల్యూజీ (ఎక్స్‌ట్రా వైడ్ గ్యాప్) రకం అని చెప్పండి, ఆ లావు పురుగుకు మొనకూ కాడకూ మధ్య ఖాళీ ఎక్కువున్న హుక్కే సరిపోతుంది.